గుడ్డ డైపర్లు: ముందు చూసుకోవాల్సింది ఇంటి నీళ్లూ, దండెమూ

క్లుప్తంగా: గుడ్డ డైపర్లు కొన్ని ఇళ్లలో ఇద్దరు పిల్లలకు సరిపోయేంత కాలం మన్నుతాయి. కొన్ని ఇళ్లలో మూడు నెలలకే అటకెక్కుతాయి. ఈ తేడాకు కంపెనీ కన్నా ఉతికే నీళ్లు, డిటర్జెంట్ పొడి మోతాదు, ఆరేసే చోటు పెద్ద కారణాలు. బోరు నీళ్లు, ఇరుకు బాల్కనీలు, నాలుగు నెలల వానాకాలం ఉన్న హైదరాబాద్‌లో విడదీసి ఆరేసుకోగలిగే నూలు గుడ్డలు, వాటిపైన విడిగా తొడిగే కవర్లు ఎక్కువ ఇళ్లకు సరిపోతాయి. చూడ్డానికి సులువుగా కనిపించే ఒకే ముక్క డైపర్లకే ఇక్కడ ఇబ్బందులు ఎక్కువ.

## ఈ చర్చ ఇప్పుడెందుకు

2026 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. తడి, పొడి చెత్తతో పాటు శానిటరీ చెత్తను, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్తను కూడా ఇంట్లోనే వేరుచేసి ఇవ్వాలని అవి చెబుతున్నాయి. వాడిన డైపర్లు శానిటరీ చెత్త కిందికి వస్తాయి. వాటిని గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి. 2016 నాటి నిబంధనలు కూడా డైపర్లను చుట్టే ఇవ్వమన్నాయి, అయితే పొడి చెత్త డబ్బాలో వేయమన్నాయి. ఆచరణలో చాలా ఇళ్ల నుంచి అవి కూరగాయల తొక్కలతో కలిసి చెత్త ఆటో ఎక్కుతూ వచ్చాయి. ఆటో వెనక నిలబడి చేత్తో చెత్త వేరుచేసే కార్మికులు విప్పి చూడాల్సి వచ్చే మూటల్లో ఇవీ ఉంటాయి.

పారేసే డైపర్ పై పొరల్లో పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్‌లుంటాయి. మధ్యలో చెక్క గుజ్జు, దానిలో సోడియం పాలీఅక్రిలేట్ అనే రసాయనపు గుళికలు ఉంటాయి. ఈ గుళికలు తమ బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి జెల్లీలా మారతాయి. అందుకే వాడిన డైపర్ బరువులో అధిక భాగం నీరే. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన, చెత్తను మండించే విద్యుత్ ప్లాంటు లాంటి చోట్ల కూడా తడి సరుకు మండడానికే వేడి ఖర్చవుతుంది. పూడ్చిపెడితే ప్లాస్టిక్ పొరలు తరాల పాటు మట్టిలోనే ఉంటాయి. ఒక శిశువుకు రోజుకు సగటున 6 చొప్పున రెండున్నరేళ్లు వాడితే 5,400కు పైగా డైపర్లు అవుతాయి.

అయితే గుడ్డ డైపర్ దానంతట అదే పర్యావరణానికి మేలు చేస్తుందని చెప్పలేం. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనంలో రెండు రకాల కర్బన భారమూ దాదాపు సమానంగా తేలింది. యంత్రంలో వేడిగాలితో ఆరబెట్టడం, మరీ వేడి నీళ్లతో ఉతకడం గుడ్డ డైపర్ల లెక్కను పెంచాయి. నిండు లోడు వేసి, దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకూ వాడితే ఆ భారం 40 శాతం వరకు తగ్గుతుందని అదే అధ్యయనం చెప్పింది. 2023లో బ్రిటన్ ప్రభుత్వం ప్రచురించిన తాజా అంచనాలో గుడ్డ డైపర్ల భారం పారేసేవాటి కన్నా సుమారు 25 శాతం తక్కువగా వచ్చింది. అక్కడి విద్యుత్తు, అక్కడి అలవాట్ల ఆధారంగా కట్టిన లెక్కలివి. ఎండకు బట్టలారేసే ఊరికి ఈ విషయంలో సహజంగానే అనుకూలత ఉంది. నీటి విషయంలో మాత్రం ఆ అనుకూలత లేదు.

## డైపర్ లోపల ఏం జరుగుతుంది

ఏ డైపరైనా మూడు పనులు చేయాలి. ఒంటి నుంచి తడిని లాగాలి, లాగినదాన్ని పట్టి ఉంచాలి, బయటికి రాకుండా ఆపాలి. పారేసే డైపర్‌లో ఈ మూడు పనులకు మూడు పొరలు అతికి ఉంటాయి. గుడ్డ డైపర్లలో ఆ పొరలను ఎలా కలిపారన్న దాన్ని బట్టే రకాలు ఏర్పడ్డాయి.

తడిని పట్టే పొరలో నాలుగు సరుకులు కనిపిస్తాయి. మైక్రోఫైబర్ సన్నని పాలియెస్టర్ పోగులతో చేసినది. వేగంగా పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది, చవక. కానీ అది నీటిని పోగుల మధ్య సందుల్లో నిలుపుకుంటుంది కాబట్టి బిడ్డ కూర్చున్నప్పుడో, ఎత్తుకున్నప్పుడో ఒత్తిడి పడితే వదిలేస్తుంది. కారు సీట్లో, బేబీ క్యారియర్‌లో ఉన్నప్పుడు తొడల దగ్గర తడి కనిపించడానికి తరచూ ఇదే కారణం. పైగా చర్మానికి నేరుగా తగిలితే చర్మంలోని తేమనూ లాగేస్తుంది. కాబట్టి దాన్ని ఎప్పుడూ డైపర్‌కు కుట్టిన జేబులోపలే పెట్టాలి. నూలు గుడ్డ కాస్త నెమ్మదిగా పీల్చినా, ఒత్తిడికి తడిని అంత తేలిగ్గా వదలదు. వెదురు గుడ్డ పేరుతో అమ్మేది చాలావరకు వెదురు గుజ్జు నుంచి రసాయన ప్రక్రియతో తీసిన విస్కోస్. నూలు కన్నా కొంచెం ఎక్కువ పట్టుకుంటుంది, ఆరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. సూక్ష్మజీవులను చంపుతుందన్న ప్రచారాన్ని నమ్ముకుని ఉతకడం తగ్గించకూడదు. గంజాయి జాతి మొక్క నారతో చేసే హెంప్ గుడ్డ పలచగానే ఉండి చాలా పట్టుకుంటుంది, రాత్రిళ్లకు బాగుంటుంది. అయితే ఉప్పు నీళ్లలో, అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్లలో, అట్టలా బిరుసెక్కుతుంది.

కొత్త నూలు గుడ్డలో సహజమైన మైనం, నూనె ఉంటాయి. అందుకే కొన్న వెంటనే వాడితే తడి పీల్చకుండా జారిపోతుంది. వేడి నీళ్లు, డిటర్జెంట్‌తో 5, 6 సార్లు ఉతికి ఆరబెట్టాకే దాని పూర్తి సామర్థ్యం బయటికి వస్తుంది. “కొత్త డైపర్ మొదటిరోజే లీకైంది” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. పాత నేత చీర, అరిగిన పంచె కొత్త గుడ్డ కన్నా బాగా పీల్చడానికి కారణం కూడా ఈ మైనం ఏళ్ల కిందటే వదిలిపోవడం.

తడి బయటికి రాకుండా ఆపేది పాలియెస్టర్ గుడ్డకు పలచని పాలీయూరిథేన్ పొర అతికించిన పీయూఎల్. పాతకాలపు ప్లాస్టిక్ నిక్కర్ల కన్నా ఇది మెత్తన, కొంత ఆవిరిని బయటికి పోనిస్తుంది. అయినా నీరు పోని పొర ఏదైనా లోపల వేడినీ తేమనూ నిలుపుతుంది. గుడ్డ డైపర్ కాబట్టి గాలి ఆడుతుందన్న ధీమాతో గంటల తరబడి ఉంచకూడదు.

## ఏ రకం ఎవరికి

లంగోటీ, చతురస్రపు న్యాపీ, పాత చీర ముక్క. ఇవన్నీ ఒకే కుటుంబం: ఒక పొర గుడ్డను మడిచి కట్టడం. ఉతకడం తేలిక, ఆరడం అన్నిటికన్నా వేగం, ఖరీదు నామమాత్రం. సుమారు 70 సెంటీమీటర్ల చదరపు మల్లు (పలచని నూలు) గుడ్డను మడిచి పొడవాటి పట్టీలా చేస్తే పీయూఎల్ కవర్ లోపల అమరే మంచి లోపలి గుడ్డ అవుతుంది. తడిసినప్పుడు గుడ్డ మార్చి, కవర్‌కు మలం అంటకపోతే తుడిచి ఆరనిచ్చి మళ్లీ వాడొచ్చు. రోజుకు 3, 4 కవర్లు సరిపోతాయి. కట్టడం నేర్చుకోవాలి, ఉబ్బుగా ఉంటుంది. ఈ రెండూ తప్ప దీనికి పెద్ద లోపాలు లేవు.

మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేది పాకెట్ రకం. బయట పీయూఎల్, లోపల తడి అనిపించని పాలియెస్టర్ పొర, మధ్యలో జేబు, ఆ జేబులో గుడ్డ. ఉతికేటప్పుడు విడదీయవచ్చు కాబట్టి ఆరడం ఫర్వాలేదు. మలంతో తడిసిన గుడ్డను జేబులోంచి లాగాల్సి రావడం చాలామందికి నచ్చదు. కొన్ని కంపెనీలు జేబు బదులు గుండీలతో లోపలి గుడ్డను కవర్‌కు బిగించే ఏర్పాటు చేస్తున్నాయి. హైదరాబాద్ పరిస్థితులకు పాకెట్ కన్నా ఇదే మెరుగు. లోపలి గుడ్డ పూర్తిగా విడివడుతుంది, కవర్‌ను తుడిచి మళ్లీ వాడుకోవచ్చు.

అన్నీ కలిపి కుట్టేసిన ఒకే ముక్క డైపర్ వేయడానికి పారేసేదాని అంత సులువు. అందుకే బహుమతిగా ఇచ్చేవారు దీన్నే ఎంచుకుంటారు. కానీ ఏడెనిమిది పొరలు ఒకదానికొకటి కుట్టి ఉండటంతో ఉప్పు నీళ్లలో లోపలి పొరల మురికి వదలదు, జులైలో రెండు రోజులైనా ఆరదు. ఆరబెట్టడానికి ఎండ తగిలే డాబా లేని ఇంటివారు దీన్ని ప్రధానంగా నమ్ముకోకపోవడమే మంచిది.

ప్యాడెడ్ అండర్‌వేర్ అనే సరుకును డైపర్‌గా పొరబడటం కూడా మామూలే. అది ఒక్కసారి పోసిన మూత్రాన్ని ఆపడానికి, బాత్రూం అలవాటు చేసే వయసు పిల్లల కోసం తయారైనది. ఆరు నెలల బిడ్డకు వేస్తే పక్క తడిసి తీరుతుంది.

సైజు దగ్గర మరో చిక్కు ఉంది. “ఫ్రీ సైజ్” డైపర్లు 3 కిలోల నుంచే సరిపోతాయని పెట్టె మీద రాసి ఉన్నా, మన దగ్గర రెండున్నర, మూడు కిలోలతో పుట్టే పిల్లల సన్నని తొడలకు అవి వదులుగానే ఉంటాయి. బిడ్డ 4 కిలోలు దాటే వరకు లంగోటీలే నయం. బొడ్డు ఊడే వరకు, అంటే మొదటి వారం రెండు వారాలు, గుడ్డను బొడ్డుకు కిందనే మడిచి కట్టాలి.

పాత చీరలతో లంగోటీలు కుట్టే ఇళ్లలో ఒక జాగ్రత్త తప్పనిసరి. బీరువాలో కలరా ఉండల మధ్య ఉన్న గుడ్డను పసిబిడ్డకు కట్టకూడదు. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ వల్ల జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువుల్లో ఎర్ర రక్తకణాలు చిట్లి, కామెర్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. ఆ లోపం ఉందో లేదో పైకి కనిపించదు. వాసన వస్తున్న గుడ్డను పక్కన పెట్టేయాలి. ఒకసారి ఉతికితే పోతుందని అనుకోకూడదు.

## కుళాయిలో ఏ నీళ్లు వస్తున్నాయి

హైదరాబాద్ జలమండలి సరఫరా చేసే మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు బోరు నీళ్లతో పోలిస్తే మెత్తన. పడమటి కాలనీల్లోని అపార్ట్‌మెంట్లలో స్నానానికి, బట్టలకు వచ్చేవి చాలావరకు బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు. వీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బకెట్ అంచుకు తెల్లటి పొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం, గీజర్ కాయిల్ తరచూ పాడవడం దీనికి గుర్తులు. ఖాళీ సీసాలో సగం వరకు నీళ్లు పోసి, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు వేసి గిలకొడితే నురగ నిలవకుండా పాలలా తెల్లబడే నీళ్లు ఉప్పు నీళ్లే.

ఈ ఖనిజాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని జిడ్డుగా మారి గుడ్డ పోగులకు అతుక్కుంటాయి. దాంతో రెండు నష్టాలు. ఒకటి, గుడ్డ తడిని పీల్చడం తగ్గిపోతుంది. రెండు, జిడ్డు కింద మూత్రపు అవశేషాలు, బ్యాక్టీరియా ఉండిపోతాయి. ఈ బ్యాక్టీరియాలోని యూరియేజ్ అనే ఎంజైమ్ మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉన్న డైపర్, బిడ్డ తడపగానే కళ్లు మండేంత ఘాటుగా వాసన కొట్టడానికి కారణం ఇదే.

పసిబిడ్డ చర్మానికి మంచిదని బట్టల సబ్బు ముక్కతోనో, కుంకుడు రసంతోనో, చాలా తక్కువ లిక్విడ్‌తోనో డైపర్లు ఉతికే ఇళ్లలో ఈ సమస్య త్వరగా వస్తుంది. మంచి ఉద్దేశంతో చేసే ఈ పనే చివరకు బిడ్డ చర్మాన్ని బాధపెడుతుంది. కుంకుడు నురగ పట్టుబట్టలకు చాలు, మలంలోని కొవ్వును, ప్రొటీన్‌ను వదిలించలేదు. మామూలు మంచి డిటర్జెంట్ పౌడర్‌ను లోడుకు తగిన పూర్తి మోతాదులో వేసి, ఎక్కువసార్లు జాడించడం సురక్షితం. ఉప్పు నీళ్లయితే ప్రతి లోడుకూ రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా కలపాలి. అది కాల్షియాన్ని పట్టేసి డిటర్జెంట్‌ను తన పని చేయనిస్తుంది. వంట సోడా దీనికి బదులు పనికిరాదు, దాని ప్రభావం చాలా తక్కువ. వాషింగ్ సోడాను చేత్తో కలపాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోవాలి.

కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు పోగులకు మైనపు పొర పట్టిస్తాయి. డైపర్ల విషయంలో అది లీకును కొని తెచ్చుకోవడమే. డెట్టాల్ లాంటి యాంటీసెప్టిక్‌లు రోజూ వాడితే అవశేషాలు బిడ్డ చర్మాన్ని మండించవచ్చు, ఎలాస్టిక్ కూడా దెబ్బతింటుంది.

కాన్పుకు పుట్టింటికి వెళ్లి మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగి వచ్చే తల్లులకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. కాలువ నీళ్ల ఊళ్లో చక్కగా పనిచేసిన పొడి మోతాదు నగరంలోని బోరు నీళ్లకు చాలదు. అవే డైపర్లు ఇక్కడికి రాగానే ఎందుకు లీకవుతున్నాయో అర్థంకాక వాటిని పక్కన పెట్టేస్తుంటారు. నీళ్లు మారితే ముందు సోడా, పొడి మోతాదు మార్చి ఒక వారం చూడాలి.

## ఉతికే క్రమం

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మలం నీటిలో తేలిగ్గా కరుగుతుంది, మామూలుగా జాడిస్తే చాలు. అన్నప్రాశన తర్వాత మలం గట్టిపడుతుంది. దాన్ని కమోడ్‌లో దులిపి, పక్కనున్న జెట్ స్ప్రేతో కడిగాకే డైపర్‌ను బకెట్‌లోకి పంపాలి. లోపల వేసే పలచని లైనర్లు వాడితే ఈ పని సులభం, కానీ వాటిని కమోడ్‌లో వేయకూడదు, పైపులు మూసుకుపోతాయి. ముందు జాడించేది చన్నీళ్లతోనే. వేడి నీళ్లు మొదటే పోస్తే ప్రొటీన్ మరక పోగుల్లో పట్టేస్తుంది.

మూత్రంతో తడిసినవాటిని వెంటనే జాడించి, పిండి, గాలి తగిలే బుట్టలో వేయాలి. రోజంతా నీళ్లలో నానబెట్టే అలవాటు మంచిది కాదు. నానిన నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది, పీయూఎల్ పొర ఊడుతుంది, పాకే వయసు పిల్లలున్న ఇంట్లో నిండు బకెట్ ప్రాణాపాయం కూడా. నిల్వ ఉంచే గడువు మామూలుగా రెండు రోజులు. ఏప్రిల్, మే నెలల్లో ఒక రోజు మించకూడదు. వేడికి అమ్మోనియా తయారీ వేగం పెరుగుతుంది.

యంత్రంలో వేసేటప్పుడు మొదట తక్కువ పొడితో అరగంటలోపు చిన్న ఉతుకు, ఆ నీళ్లు వదిలేశాక పూర్తి పొడితో 40 నుంచి 60 డిగ్రీల మధ్య పెద్ద ఉతుకు, చివర ఒక అదనపు జాడింపు పెట్టాలి. మొదటి ఉతుకులో మూత్రమంతా పోతేనే రెండో ఉతుకు శుభ్రమైన నీళ్లలో జరుగుతుంది. ఈ ఒక్క మెట్టు వదిలేయడం వల్ల వచ్చే వాసనలు చాలా ఎక్కువ. డ్రమ్ము మూడింట రెండు వంతులు నిండాలి. నాలుగు డైపర్లే ఉంటే గుడ్డలు ఒకదానికొకటి రాసుకోక మురికి వదలదు, కాబట్టి బిడ్డ బట్టలు, తువ్వాళ్లు కలిపి నింపాలి. హీటర్ లేని టాప్ లోడ్ యంత్రమైతే గీజర్ నీళ్లు రెండు బకెట్లు పోయాలి. మే నెలలో మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ల వేడే చాలావరకు సరిపోతుంది.

చేత్తో ఉతికితే చన్నీళ్ల జాడింపు, డిటర్జెంట్ పొడి కలిపిన గోరువెచ్చని నీళ్లలో లోపలి గుడ్డలను అరగంట నానబెట్టి రుద్దడం, మూడుసార్లు జాడించడం. నాలుగైదు బకెట్ల నీళ్లు పడతాయి. లోపలి గుడ్డలను మెలిపెట్టి పిండొచ్చు, కవర్లను మాత్రం అరచేతుల మధ్య నొక్కి నీళ్లు తీయాలి. బ్రష్, బండ రెండూ పీయూఎల్‌కు పనికిరావు.

పేరుకున్న జిడ్డును వదిలించడానికి కవర్లు వేరుచేసి, లోపలి గుడ్డలను మాత్రం వేడి నీళ్లలో వాషింగ్ సోడా, డిటర్జెంట్ కలిపి నాలుగైదు గంటలు నానబెట్టి, ఆపై యంత్రంలో మామూలుగా ఉతకాలి. ఈ అవసరం నెలనెలా వస్తోందంటే రోజువారీ ఉతుకులో పొడి చాలడం లేదన్నమాట.

## ఎండ, వాన

మలం మరకలకు ఎండను మించిన మందు లేదు. తడి గుడ్డను ఎండలో ఆరేస్తే పసుపు మరక రెండు మూడు విడతల్లో పలచబడిపోతుంది. లోపలి గుడ్డలకు ఎంత ఎండైనా మంచిదే. కవర్లకు మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండ చేటు, ఎలాస్టిక్ సాగి చచ్చుబడుతుంది. ఉదయపు ఎండలోనో నీడలోనో, ఎలాస్టిక్ మీద బరువు పడకుండా అడ్డంగా దండెం మీద వేయాలి. వేడిగా ఉన్నప్పుడు లాగి చూడటం కూడా మంచిది కాదు.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు లెక్క మారిపోతుంది. ఒక పొర మల్లు గుడ్డ ఫ్యాను కింద కొన్ని గంటల్లో ఆరుతుంది. వెదురు, హెంప్‌ల మందపాటి గుడ్డ ఒకటిన్నర, రెండు రోజులు తీసుకుంటుంది, అంతలో ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది. పూర్తిగా ఆరని గుడ్డను మడిచి పెడితే బూజు నల్లచుక్కలు వస్తాయి, అవి పోవు. కాబట్టి బిడ్డ ఏ నెలలో పుట్టబోతోందో చూసి కొనడం అర్థవంతమైన పని. మే, జూన్ నెలల్లో కాన్పు అయ్యే ఇంటివారు మందపాటి గుడ్డల మీద డబ్బు పెట్టకుండా పలచని గుడ్డలు ఎక్కువ తీసుకోవాలి. ఆఖరి తేమ పోవడానికి నూలు గుడ్డను ఇస్త్రీ చేయొచ్చు. పీయూఎల్, పాలియెస్టర్ పొరలకు ఇస్త్రీ పెట్టె తగలకూడదు.

## లీకైతే కారణం వెతికే తీరు

లీకైన డైపర్‌ను విప్పి లోపలి గుడ్డను చేత్తో నొక్కి చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. మొత్తం నానిపోయి ఉంటే సామర్థ్యం చాలలేదు. త్వరగా మార్చాలి లేదా కింద మరో పొర వేయాలి. గుడ్డ ఒక పక్క పొడిగా ఉండి తొడల దగ్గర తడి కనిపిస్తే అమరిక తప్పు. ఎలాస్టిక్ తొడ మీద కాకుండా లోదుస్తు అంచు ఉండే గజ్జల మడతలో కూర్చోవాలి. నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు చాలు. గుండీలు విప్పాక కాసేపటికి పోయే లేత గీతలు మామూలే, చాలాసేపు ఉండే ఎర్ర గాట్లు మాత్రం బిగువుకు గుర్తు.

అమరిక బాగుండి, గుడ్డ పొడిగా ఉండి, పైనుంచి జారి కారుతుంటే పోగులకు జిడ్డు పట్టిందని అర్థం. ఆరిన లోపలి పొర మీద చెంచాడు నీళ్లు పోసి చూడాలి. ముత్యాల్లా నిలబడితే జిడ్డుంది, వెంటనే ఇంకితే లేదు. ర్యాష్‌కు రాసే జింక్ ఆక్సైడ్ క్రీములు ఈ జిడ్డుకు పెద్ద కారణం. క్రీము రాసిన రోజుల్లో మధ్యలో ఒక మెత్తటి నూలు ముక్కను లైనర్‌గా వేయాలి.

పొట్ట దగ్గర బనియన్ తడుస్తుంటే లోపలి గుడ్డ అంచు ఎక్కడో బయటికి వచ్చి ఉంటుంది. నూలు ఎక్కడ తగిలితే అక్కడికి తడిని లాగుతుంది. మన ఇళ్లలో మొలతాడు కూడా ఇదే పని చేస్తుంది. అది నడుము ఎలాస్టిక్ కింద ఇరుక్కుంటే సందు ఏర్పడుతుంది, తడిసి చర్మాన్ని ఒరుస్తుంది. డైపర్‌కు పైన ఉండేలా సర్దాలి.

## చర్మం ఎందుకు కందుతుంది

అమ్మోనియా చర్మంపై ఆమ్ల గుణాన్ని తగ్గిస్తుంది. అప్పుడు మలంలోని కొవ్వును, ప్రొటీన్‌ను కరిగించే ఎంజైములు చురుగ్గా మారి చర్మపు పై పొరను తినేస్తాయి. మూత్రం, మలం కలిసి ఎక్కువసేపు ఉంటే ర్యాష్ రావడం అందుకే. గుడ్డ డైపరైనా పారేసేదైనా ఈ ప్రక్రియ మారదు. గుడ్డ డైపర్‌ను పగలు రెండు, మూడు గంటలకోసారి, మలమైతే వెంటనే మార్చాలి. “10 గంటలు ఆగుతుంది” అన్న ప్రకటన గుడ్డ సామర్థ్యం గురించి చెప్పేది. చర్మానికి ఆ ఓర్పు ఉండదు. రోజులో కొంతసేపు రబ్బరు షీటు మీద ఏమీ కట్టకుండా వదిలేయడం మంచిది. పౌడర్ చల్లితే ఆ ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అది వద్దు.

గజ్జల మడతల్లో ముదురు ఎరుపు, దాని చుట్టూ చిన్న చిన్న ఎర్ర పొక్కులు ఉంటే అది కాండిడా అనే శిలీంధ్రం కావచ్చు, మామూలు క్రీముతో తగ్గదు. చీము, నీటి బొబ్బలు, జ్వరం ఉన్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. చికిత్స సాగే రోజుల్లో గుడ్డలను 60 డిగ్రీల వేడిలో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి.

## ఎన్ని కావాలి, ఎంతవుతుంది

మొదటి రెండు నెలలు రోజుకు 10, 12 సార్లు మార్చాలి. రోజూ ఉతికితే 24 లంగోటీలు, వానాకాలమైతే 30కి పైగా కావాలి. మూడో నెల నుంచి రోజుకు 7, 8 చాలు. రోజు విడిచి రోజు ఉతికే ఇంటికి 15 డైపర్లు, లేదా 5, 6 కవర్లు, 20 లోపలి గుడ్డలు సరిపోతాయి. రాత్రికి రెండు మందపాటి జతలు విడిగా ఉండాలి.

ఒక ఉదాహరణ లెక్క చూడొచ్చు. పారేసే డైపర్ ఒకటి 12 రూపాయలు, రోజుకు 6 అనుకుంటే రోజుకు 72, నెలకు 2,160 రూపాయలు. గుడ్డ డైపర్లు 600 చొప్పున 15 తీసుకుంటే 9,000. లంగోటీలు, అదనపు గుడ్డలు కలిపి మొత్తం 13,500. ఉతకడానికి పొడి, సోడా, కరెంటు కలిపి రోజుకు 12 అనుకుంటే రోజుకు మిగిలేది 60 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి 225 రోజులు, అంటే ఏడున్నర నెలలు పడుతుంది. మూడో నెలలో మానేసిన ఇంటికి ఇది నష్టం, ఏడాదిన్నర వాడిన ఇంటికి గణనీయమైన ఆదా. ఈ కారణంగానే ఒకేసారి 15 కొనడం తొందరపాటు. వేర్వేరు రకాలు నాలుగు తీసుకుని, సొంత నీళ్లలో నెలరోజులు ఉతికి చూసి, తర్వాతే మిగతావి కొనాలి.

ఈ లెక్కలో చేరనిది శ్రమ. రోజూ ముప్పావు గంట వరకు పట్టే ఈ పని తల్లి ఒక్కరి మీదే పడితే, బాలింత నెలల్లో గుడ్డ డైపర్లు భారంగా మారతాయి. మానేయడానికి చాలాచోట్ల అసలు కారణం ఇదే, లీకులు కాదు. ఉతకడం, ఆరేయడం, మడిచి సిద్ధం చేయడం తండ్రితో సహా ఇంట్లోవారి మధ్య పంచుకోవాలి. ఇంటి పనికి వచ్చే మనిషితో ఉతికిస్తే మలం దులిపి కడిగాకే ఇవ్వాలి, గ్లవ్స్ ఇవ్వాలి, ఆ పనికి విడిగా డబ్బులు మాట్లాడుకోవాలి.

పగలు ఇంట్లో గుడ్డ, రాత్రి లేదా ప్రయాణంలో పారేసేది వాడటం ఓటమి కాదు. రోజుకు 4 పారేసే డైపర్లు తగ్గినా ఏడాదికి 1,460 తగ్గినట్టే. డే కేర్‌లో గుడ్డ డైపర్లు మార్చడానికి ఒప్పుకుంటారో లేదో చేర్చేముందే అడగాలి. ఒప్పుకుంటే ముందే గుండీలు సర్దిన డైపర్లు, తడివాటికి జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ సంచి ఇవ్వాలి.

బంధువుల దగ్గర్నుంచి వాడినవి తీసుకునేటప్పుడు మూడు చోట్లు చూడాలి. కవర్‌ను వెలుతురుకు పట్టి చూస్తే పీయూఎల్ పొర బుడగల్లా లేచిందో, చిల్లులు పడిందో తెలుస్తుంది. అలా ఉంటే దానికి మరమ్మతు లేదు. ఎలాస్టిక్ లాగితే తిరిగి వెనక్కి రావాలి. చచ్చుబడితే వీధి చివరి టైలర్‌తో కొత్తది వేయించొచ్చు. లోపలి గుడ్డ బిరుసుగా ఉంటే సోడా నీళ్లలో ఒకసారి నానబెట్టి ఉతికాక, చెంచాడు నీళ్ల పరీక్ష చేసి, అప్పుడే బిడ్డకు వేయాలి.